కంప్యూటరుకు ర్యాము కొనేముందు

కంప్యూటరు లేని కడ గాని, ఆఫీసు గాని మనవారిలో ఇప్పుడు అరుదు. కోవిల్పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీల జమాఖర్చులు, విరుదునగర్‌లో పప్పుల మండీ, మిరపకాయల మండీ బిల్లులు, శివకాశిలో అచ్చుకు పోయే క్యాలెండరు బొమ్మలు, ఇంట్లో పిల్లల చదువులు అన్నీ దానిమీదనే నడుస్తున్నవి. వీటిలో చాలా పెట్టెలు ఏడెనిమిది ఏండ్ల క్రిందట కొన్నవి. పదేండ్లు దాటినవీ ఉన్నవి. అవి మెల్లబడినవని, ఒక్క బిల్లు తెరుచుకొనేలోపల కాఫీ త్రాగి రావచ్చునని పలువురు మాతో అంటున్నారు. అప్పుడు ఎవరో ఒకరు "ర్యాము వేస్తే సరి" అని సలహా చెబుతారు. సలహా మంచిదే. ఏ ర్యాము వేయవలె అన్నదగ్గర మాత్రం చాలామంది చేతులు కాల్చుకొంటున్నారు.

ఇదివరకైతే తప్పు సరుకు కొన్నా నష్టం కొద్దిలో పోయేది. 2025 చివరి నెలలలో ఆ వీలు పోయినది. కృత్రిమ మేధ కోసమని ప్రపంచమంతటా కడుతున్న పెద్ద పెద్ద డేటా కేంద్రాలు మెమరీ చిప్పులను మూకుమ్మడిగా కొనుక్కుపోవటంతో, మనబోటివాళ్ళు కొనే ర్యాములలో చాలా రకాల ధర కొద్ది నెలలలోనే రెట్టింపును దాటినది. ఈ చిప్పులు చేసేవారిలో పెద్దవారు ముగ్గురే: కొరియాలో శామ్‌సంగ్, ఎస్‌కె హైనిక్స్, అమెరికాలో మైక్రాన్. ఎక్కువ లాభమున్న సరుకు వైపే ముగ్గురూ మొగ్గినారు. క్రూషియల్ అనే పేరుతో మామూలు ఖాతాదారులకు ర్యాము అమ్మే వ్యాపారాన్ని విడిచిపెడుతున్నట్టు మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబరులో ప్రకటించనే ప్రకటించినది. ఆ పేరు గల సరుకు మన ఊళ్ళలో ఎందరో వాడినదే.

దీనికితోడు దూరం ఒకటి. విరుదునగర్ నుండి మదురైకి సుమారు 50 కిలోమీటర్లు, కోవిల్పట్టి నుండి సుమారు 100. తెచ్చిన ర్యాము సరిపోలేదని మళ్ళీ బస్సెక్కితే ఒక దినం పోతుంది. కడవారు "కవరు చించినది వాపసు లేదు" అంటే డబ్బూ పోతుంది. కనుక బయలుదేరకముందే తెలుసుకొనవలసిన నాలుగు సంగతులు ఈ నెల వ్రాస్తున్నాము.

ముందుగా ఒక గందరగోళం తీర్చవలె. "మా కంప్యూటరులో 500 జీబీ ఉన్నది గదా, ఇంకా మెమరీ ఎందుకు?" అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ 500 జీబీ హార్డు డిస్కు. అది గోడౌను. సరుకంతా అక్కడ పడి ఉంటుంది. కరెంటు పోయినా ఎక్కడికీ పోదు. ర్యాము అంటే కడ ముందరి బల్ల. బేరం జరిగే సరుకును గోడౌనులోనుంచి తెచ్చి ఆ బల్లమీద పెట్టుకొనవలె. బల్ల చిన్నదైతే ఒక మూట దించి మరొక మూట తెచ్చేందుకే కూలివాడికి పొద్దు చాలదు. కంప్యూటరు మెల్లబడటమంటే చాలాసార్లు ఇదే. బల్లను పెద్దది చేయటమే ర్యాము పెంచటం. కరెంటు పోతే బల్లమీద ఉన్నదంతా పోతుంది, ఆ సంగతి మన ఊళ్ళవారికి వేరే చెప్పనక్కరలేదు.

విరుదునగర్‌లో పప్పుల వ్యాపారం చేసే పెద్దాయన ఒకరు, ఇంజనీరింగు చదివే తన మేనల్లుడితో మాట్లాడుతుండగా మేము ప్రక్కనే ఉన్నాము.

"రేయ్, మదురై పోతున్నావు గదా, కడ కంప్యూటరుకు ఒక నాలుగు జీబీ ర్యాము తెచ్చిపెట్టు."

"బోర్డు పేరేమి మామా?"

"బోర్డెందుకురా? నేను అడిగింది ర్యాము."

"చెప్పులు తెమ్మని చెప్పి కాలి కొలత ఇయ్యకపోతే ఎట్ల మామా?"

పెద్దాయన నవ్వి పెట్టె మూత విప్పించినారు. పిల్లవాడు చెప్పినది అక్షరాలా నిజం. ఏ ర్యాము కొనవలెనో చెప్పేది ధర కాదు, కడవారి మాట కాదు, "నాలుగు జీబీ", "ఎనిమిది జీబీ" అన్న లెక్క కూడా కాదు. పెట్టెలో ఉన్న మదర్‌బోర్డు, దానిమీద కూర్చున్న ప్రాసెసరు, ఈ రెండే చెబుతవి. ఎందుకో కొంచెం వివరిస్తాము. కారణం తెలిస్తే తక్కినది గుర్తుపెట్టుకొనేందుకు సులువు.

ఇప్పుడు మనం వాడే ర్యాముకు మూలమైన ఆలోచన ఐబీఎం కంపెనీలో పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్ అనే ఇంజనీరుది. దానికి 1968లో పేటెంటు దొరికినది. ఒక ట్రాన్సిస్టరు, దాని ప్రక్కన విద్యుత్తును పట్టి ఉంచే ఒక చిన్న కెపాసిటరు, ఇంతే ఒక గది. గదిలో విద్యుత్తు ఉంటే ఒకటి, లేకుంటే సున్న. చిక్కేమిటంటే ఈ గది చిల్లికుండ వంటిది. పోసిన విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది. అది పూర్తిగా కారకముందే చదివి మళ్ళీ నింపుతూ ఉండవలె. ఒక్కొక్క గదికి ఈ నింపుడు మామూలుగా 64 మిల్లీసెకన్లలోపల, అంటే సెకనుకు పదిహేను సార్లకు పైగా జరుగవలె. 1970లో ఇంటెల్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన చిప్పులో గదులు 1,024. ఇప్పుడు చేతిలో పట్టే ఒక 4 జీబీ ర్యాములో 3,435 కోట్లకు పైన.

ఇన్ని కోట్ల కుండలను వరుసలు వరుసలుగా పేర్చి, ఏ వరుసలో ఏ కుండ ఎక్కడున్నదో తెలుసుకొని, వేళకు నింపించే మేస్త్రీ ఒకడు ఉండవలె గదా. అతడికే మెమరీ కంట్రోలరు అని పేరు. పాత ఇంటెల్ కంప్యూటర్లలో ఇతడు మదర్‌బోర్డుమీది చిప్‌సెట్టులో ఉండేవాడు. తరువాతి కాలంలో ప్రాసెసరులోపలికే మారినాడు. ఈ మేస్త్రీకి తెలిసిన వరుసల లెక్క వేరు, తెలియని లెక్క వేరు. తనకు తెలియని అమరికలో కుండలు తెచ్చి ముందర పెడితే అతడు పని మొదలుపెట్టడు. తెర నల్లగా ఉంటుంది, పెట్టె బీప్, బీప్ అని అరుస్తుంది. ర్యాము చెడిపోయినదని మనం అనుకొంటాము. నిజానికి ఆ ర్యాములో ఏ లోపమూ ఉండకపోవచ్చును.

గాటు చూచి తరం తెలుసుకొనుట

మొదటి పరీక్ష కంటితోనే చేయవచ్చును. డెస్క్‌టాపు ర్యాము ఏ తరందైనా పొడవు ఒకటే, 133 మిల్లీమీటర్ల చిల్లర. క్రింది అంచున బంగారు పూత పళ్ళు, వాటి నడుమ ఒక గాటు. ఈ గాటు చోటు తరానికొకటిగా మారుతుంది. మొదటి డీడీఆర్‌కు 184 పళ్ళు, డీడీఆర్2కు 240, డీడీఆర్3కూ 240, డీడీఆర్4కు 288, డీడీఆర్5కూ 288. పళ్ళ లెక్క ఒకటే అయినా గాటు కలియదు. ఒక తరం ర్యాము మరొక తరం స్లాటులో కూర్చోకుండా కావాలనే ఇట్లా చేసినారు. విద్యుత్తు వేరు గనుక చేయక తప్పదు. డీడీఆర్2కు 1.8 వోల్టులు, డీడీఆర్3కు 1.5, డీడీఆర్4కు 1.2, డీడీఆర్5కు 1.1.

గాటు కలియనప్పుడు "కొంచెం గట్టిగా నొక్కితే పోతుంది" అనే చేతివాటం మెకానిక్కులు ఉన్నారు. వారిని పెట్టె దగ్గరికి రానీయవద్దు. స్లాటు చీలితే ర్యాముతోబాటు బోర్డుకూ తిలోదకాలే.

ఇంకొక సంగతి. తమిళనాడు ప్రభుత్వం 2011లో మొదలుపెట్టిన పథకంలో పిల్లలకు వచ్చిన ల్యాప్‌టాపులు మనవారి ఇళ్ళలో చాలా చోట్ల పనిచేయక అటకమీద ఉన్నవి. దానిలోని ర్యాము తీసి డెస్క్‌టాపుకు వేయరాదా అని అడుగుతున్నారు. వేయరాదు. ల్యాప్‌టాపు ర్యాము పొడవు ఇంచుమించు సగమే, 68 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. పెద్ద స్లాటులో అది నిలవనే నిలవదు. ఐతే ఈ మధ్య సెకండ్‌హ్యాండులో వస్తున్న పుస్తకమంత చిన్న డెస్క్‌టాపులు ఉన్నవే, వాటిలో చాలావరకు ల్యాప్‌టాపు ర్యామే వేస్తారు. డెస్క్‌టాపు గదా అని పొడుగు ర్యాము కొనుక్కొని వస్తే అదీ దండుగే. మూత విప్పి చూచినాకనే కడకు పోవలె.

బోర్డు పేరు ఎట్లా తెలుస్తుంది? పెట్టె ప్రక్క మూత తీస్తే బోర్డు నడుమ, తరచుగా స్లాటుల దగ్గరనో, ప్రాసెసరు క్రిందనో, పెద్ద అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది. మూత తీసే ధైర్యం లేనివారు విండోస్‌లో సిస్టం ఇన్ఫర్మేషన్ అనే కిటికీ తెరచి, బేస్‌బోర్డు అన్న వరుస చూడవచ్చును. సీపీయు-జెడ్ అనే ప్రోగ్రాము ఊరికే దొరుకుతుంది. అది బోర్డు పేరుతోబాటు, ఇప్పుడు ఏ స్లాటులో ఏ ర్యాము ఉన్నదో, ఎవరు చేసినదో కూడా విడివిడిగా చూపుతుంది. ఆ రెండు పేజీలను సెల్‌ఫోనులో ఫోటో తీసుకొంటే సగం పని ముగిసినట్టే.

పేరు వ్రాసుకొనేటప్పుడు మొత్తం వ్రాసుకొనవలె. "హెచ్61 బోర్డు" అంటే డీడీఆర్3 అని ధైర్యంగా చెప్పవచ్చును, హెచ్81 అన్నా అంతే. రెండూ 16 జీబీ వరకు పట్టుకొంటవి. కాని "హెచ్110" అని మాత్రం చెబితే చాలదు. ఆ చిప్‌సెట్టు పేరుమీద డీడీఆర్3 బోర్డులూ వచ్చినవి, డీడీఆర్4 బోర్డులూ వచ్చినవి. 2022లో వచ్చిన హెచ్610తోనూ అదే తంటా, కొన్ని డీడీఆర్4, కొన్ని డీడీఆర్5. ఇంటెల్ పన్నెండు, పదమూడు, పద్నాలుగు తరాల ప్రాసెసర్లు రెండింటినీ నడపగలవు, బోర్డు మాత్రం ఒక్కదానినే పట్టుకొంటుంది. ఏఎండి వైపు ఇంత చిక్కు లేదు. ఏఎం4 సాకెట్టు అంటే డీడీఆర్4, ఏఎం5 అంటే డీడీఆర్5. పూర్తి పేరు తెలిస్తే, ఆ బోర్డు చేసినవారి వెబ్‌సైటులో, తాము పరీక్షించి చూచిన ర్యాముల జాబితా దొరుకుతుంది. జాబితాలో లేనిది పనిచేయదని కాదు. ఉన్నదైతే నిశ్చింత.

చీటీ చదువుట

కోవిల్పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చినది మనవారికందరికీ తెలిసినదే. అంతమాత్రాన కోవిల్పట్టి అని చీటీ అంటించిన మిఠాయి అంతా కోవిల్పట్టిది కాదన్నదీ తెలిసినదే. అయినా చీటీ చదవకుండా పొట్లం కొనము. ర్యాముమీద కూడా అట్లాంటి చీటీ ఒకటి ఉంటుంది. చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలగలుపుగా ఉండటంవల్ల ఎవరూ చదవరు. అందులోనే సర్వమూ ఉన్నది.

ఉదాహరణకు ఒక చీటీమీద "4జీబీ 2ఆర్‌ఎక్స్8 పీసీ3-12800యు-11" అని ఉన్నదనుకొందాము. పీసీ3 అంటే డీడీఆర్3. పీసీ4 అని ఉంటే డీడీఆర్4. 3 ప్రక్కన ఎల్ అన్న అక్షరం ఉంటే 1.35 వోల్టులతోనే నడిచేది; ఇంటెల్ ఆరవ తరంలో వచ్చిన డీడీఆర్3 బోర్డులకు అదే వేయవలె. 12800 అన్నది సెకనుకు ఎన్ని మెగాబైట్లు పోగలవన్న లెక్క. దానిని 8తో భాగిస్తే 1600 వస్తుంది. కడలో "1600 ర్యాము" అనేది దీన్నే. అట్లాగే 10600 అంటే 1333, 19200 అంటే 2400, 25600 అంటే 3200. చివరి 11 చిప్పు జవాబు చెప్పటానికి తీసుకొనే వ్యవధి. ఆఫీసు పనికి దానిని పట్టించుకోనక్కరలేదు.

పట్టించుకోవలసినది 12800 ప్రక్కనున్న ఒక్క అక్షరాన్ని. యు అంటే మామూలు డెస్క్‌టాపుది. ఎస్ అంటే ల్యాప్‌టాపుది. ఆర్ అంటే సర్వర్లది. ఈ ఆర్ దగ్గరనే ఎక్కువ మోసం జరుగుతున్నది. పెద్ద కంపెనీలు పాత సర్వర్లను విడగొట్టి అమ్మినప్పుడు వాటి ర్యాము రాశులు రాశులుగా మద్రాసు రిచీ స్ట్రీటుకు, అక్కడినుండి మన ప్రక్క ఊళ్ళకు చేరుతుంది. అది 8 జీబీ, 16 జీబీ, ధర సగం. డీడీఆర్3, డీడీఆర్4 తరాలలో సర్వరు ర్యాముకూ, డెస్క్‌టాపు ర్యాముకూ గాటు ఒకే చోట ఉంటుంది. కనుక స్లాటులో చక్కగా కూర్చుంటుంది. టిక్కుమని చప్పుడూ చేస్తుంది. తెర వెలగదు. కోవిల్పట్టిలో ఒక అగ్గిపెట్టెల కంపెనీ ఆఫీసులో ఇట్లాంటివి నాలుగు కొని, నాలుగు పెట్టెలలో వేసి, నాలుగూ నడవకపోయేసరికి బోర్డులే చెడిపోయినవని కొత్తవాటికి ఆర్డరు ఇవ్వబోయినారు. లెక్కలు వ్రాసే ఆడపిల్ల ఒకతె పాత ర్యాము మళ్ళీ వేసి చూడమన్నది. నాలుగు పెట్టెలూ నడిచినవి. ఆ అమ్మాయికి మేనేజరుగారు ఏమిచ్చినారో మాకు తెలియదు గాని, బోర్డుల ఖర్చు తప్పినది.

ఇక "2ఆర్‌ఎక్స్8". ఇది మేస్త్రీకి తెలిసిన వరుసల లెక్క అని పైన చెప్పినామే, దానికి సంబంధించినది. 4 జీబీ ర్యాము అంటే 32 గిగాబిట్లు. దానిని రెండు విధాలుగా చేయవచ్చును. ఒక్కొక్కటి 2 గిగాబిట్ల చిప్పులు పదహారు, రెండు ప్రక్కలా ఎనిమిదేసి. లేదా ఒక్కొక్కటి 4 గిగాబిట్ల చిప్పులు ఎనిమిది, ఒక ప్రక్కనే. మొదటిదానిమీద 2ఆర్‌ఎక్స్8 అని, రెండవదానిమీద 1ఆర్‌ఎక్స్8 అని ఉంటుంది. కూడితే రెండూ నాలుగు జీబీయే. ధరా ఒకటే. కాని పాత జీ41 చిప్‌సెట్టు బోర్డులలోని మేస్త్రీకి 4 గిగాబిట్ల చిప్పు లెక్క తెలియదు. ఎనిమిది చిప్పుల ర్యాము వేస్తే పెట్టె లేవదు, పదహారు చిప్పులది వేస్తే లేస్తుంది. హెచ్61కు రెండూ సమ్మతమే. జీ41 బోర్డులు ఇప్పటికీ మన మండీ వీధులలో బిల్లులు వ్రాస్తున్నవి. అట్టివారు కడకు పోయినప్పుడు "రెండు ప్రక్కలా చిప్పులుండే 4 జీబీ డీడీఆర్3 ఇయ్యండి" అని అడుగవలె. ఇట్టిది పాత సరుకులోనే దొరుకుతుంది. కొత్తదే కావలెనని పట్టుబడితే ఎనిమిది చిప్పులదే చేతిలో పెడతారు.

"ఏఎండికి మాత్రమే" అని అమ్మే చౌక ర్యాము కూడా ఈ కోవకు చెందినదే. చిప్పుల అమరిక వేరు గనుక ఇంటెల్ బోర్డులు దానిని గుర్తించవు. అట్లా చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకుండా అమ్మేవారితోనే వచ్చినది చిక్కు.

ఇంతా చూచి కొనబోయే ముందు మరొక ప్రశ్న వేసుకొనవలె. పెట్టెలో ఉన్న విండోస్ 32 బిట్లదా, 64 బిట్లదా? పాత బిల్లింగు ప్రోగ్రాముల కోసం 32 బిట్ల విండోస్‌ను అట్లాగే ఉంచుకొన్న కడలు చాలా ఉన్నవి. అది 4 జీబీని మించి వాడుకొనలేదు. అందులోనూ చేతికి వచ్చేది మూడు, మూడున్నర. అట్టి పెట్టెలో 8 జీబీ వేసినా బల్ల పొడవు పెరగదు. మునుపు విండోస్‌ను మార్చవలె, ఆ తరువాతనే ర్యాము.

ఎంత వేస్తే చాలునని అడిగేవారికి మా అభిప్రాయం ఇది. జమాఖర్చులు, ఉత్తరాలు, ఇంటర్నెట్టు, పిల్లల పాఠాలు అయితే 8 జీబీ. శివకాశిలో క్యాలెండర్లు, పెండ్లి పత్రికలు, పెట్టెల మీది చీటీలు కూర్చే డిజైను పనివారికి 16, పని పెద్దదైతే 32. అంతకంటె ఎక్కువ వేయించుకొమ్మని చెప్పేవారు అమ్మేవారే అయి ఉంటారు.

ర్యాము రెండు స్లాటులలో సమానంగా వేస్తే రెండు దారులలో రాకపోకలు జరిగి కొంత వేగం వస్తుంది. ఒక్క 8కి బదులు రెండు 4లు మేలన్నది అందుకే. నాలుగు స్లాటులున్న బోర్డులలో మామూలుగా ప్రాసెసరు దగ్గరినుండి లెక్కపెట్టి రెండవదీ, నాలుగవదీ నింపుతారు. బోర్డు పుస్తకంలో చూచుకొనవలె. 1333 ర్యాము ప్రక్కన 1600 వేస్తే రెండూ 1333 లోనే నడుస్తవి. మంచి ఎద్దు కూడా జోడు ఎద్దు నడకనే నడవవలె గదా. అది తప్పు కాదు, ఎక్కువ వేగానికి ఇచ్చిన డబ్బు మాత్రం దండుగ.

కొత్తగా డీడీఆర్5 పెట్టె కొనేవారికి రెండు మాటలు. నాలుగు స్లాటులూ నింపితే వేగం బాగా తగ్గుతుంది కనుక రెండింటితోనే కావలసినంత తీసుకొనవలె. మొదటిసారి వెలిగించినప్పుడు మేస్త్రీ కొత్త కుండలను పరీక్షించుకొనేందుకు కొన్ని నిమిషాలు పడుతుంది. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. కంగారుపడి స్విచ్చి ఆర్పరాదు.

అసలు పాత పెట్టెకు ర్యాము వేయటం లాభమేనా అన్నది కూడా ఆలోచించవలసినదే. విండోస్ 10కు ఉచితంగా వచ్చే మామూలు భద్రతా మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవి. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదవ తరంనుండే ఒప్పుకొంటుంది. హెచ్61, హెచ్81 బోర్డులలో ఎంత ర్యాము వేసినా ఈ అడ్డు తొలగదు. కనుక అట్టి పెట్టెలకు వాడిన డీడీఆర్3 ర్యాము ఒకటి, పాత హార్డు డిస్కుకు బదులు ఒక చిన్న ఎస్‌ఎస్‌డి, ఇంతటితో ఖర్చు ఆపటం మంచిది. బ్యాంకు పనులు వేరే పెట్టెలో చూచుకొని, దీనిని లెక్కలకే ఉంచుకొంటే ఇంకా కొన్నేండ్లు నడుస్తుంది. డీడీఆర్4 పెట్టె ఉన్నవారు మాత్రం ఇంత ధరలోనూ వెనుకాడనక్కరలేదు. కొత్త పెట్టె కొంటే అందులోని ర్యాముకే ఇంతకంటె ఎక్కువ ఇవ్వవలసి వస్తుంది.

ఇక వేసే విధం. మనది నల్లరేగడి నేల. ఎండాకాలంలో ఆ ధూళి తలుపులు మూసినా ఆగదు, కంప్యూటరు పెట్టెలో పొరలు పొరలుగా చేరుతుంది. పెట్టె లేవలేదని ర్యాము మార్చినవారిలో కొందరికి ర్యాము బాగానే ఉన్నది, పళ్ళమీద మకిలే అడ్డు. కొత్తది కొనకముందు ఒకసారి పాతదానిని తీసి, పిల్లలు వాడే రబ్బరుతో పళ్ళను మెల్లగా తుడిచి, స్లాటులోని ధూళిని మెత్తటి బ్రష్షుతో దులిపి, మళ్ళీ వేసి చూడవలె. ప్లగ్గు పీకిన తరువాతనే చేయి పెట్టవలె. పొడిగాలి దినాలలో ఒంట్లో చేరిన విద్యుత్తు చిప్పును కనబడకుండా చంపుతుంది; కనుక ముందుగా పెట్టె ఇనుప చట్రాన్ని ఒకసారి ముట్టుకొని, ర్యామును అంచులతోనే పట్టుకొనవలె. గాటు సరిచూచుకొని, రెండు కొనలూ సమంగా నొక్కితే ప్రక్కనున్న కొక్కెం తానే వచ్చి పట్టుకొంటుంది. కొన్ని బోర్డులలో ఒక కొనకే కొక్కెం ఉంటుంది, రెండవది విరిగినదని కంగారుపడవద్దు.

తెర వెలిగినంత మాత్రాన పరీక్ష అయినట్టు కాదు. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవులో వేసి రాత్రంతా నడిపితే, ఎక్కడైనా ఒక్క గది చెడి ఉన్నా తెల్లవారేసరికి ఎర్రగా చూపుతుంది. వాపసు గడువులోపలనే ఈ పని ముగించవలె. ముఖ్యంగా వాడిన సరుకు కొన్నప్పుడు. సీపీయు-జెడ్‌లో చూస్తే లోపలి చిప్పు చెప్పే పేరు, పైన అంటించిన చీటీ పేరు ఒకటేనా కాదా అన్నదీ తెలుస్తుంది. రసీదుమీద ర్యాము నంబరు వ్రాయించుకొనటం మరువరాదు. నంబరు లేని రసీదుతో గ్యారంటీ అడిగితే ఎవరూ పలుకరు.

తీసివేసిన పాత ర్యామును పారవేయవద్దు. కొత్తది వచ్చిన ప్లాస్టికు కవరులోనే దానిని పెట్టి, పైన బోర్డు పేరు, చీటీమీది అంకెలు వ్రాసి మన సంఘం ఆఫీసులో ఇచ్చినట్టయితే, అదే బోర్డు గల మరొక సభ్యునికి ఉపయోగపడుతుంది. పదహారు చిప్పుల 4 జీబీ డీడీఆర్3 ఎవరి వద్దనైనా ఉంటే ముందుగా తెలుపగోరుతున్నాము. జీ41 వారు ముగ్గురు కాచుకొని ఉన్నారు.